ఫిరంగిపురం ఆడపడుచు మదర్ జ్ఞానమ్మ



శ్రీకాకుళం, విజయనగరం విచారణల్లో ఉన్న మనకు గుంటూరు సీమలోని ఫిరంగిపురం కాస్త దూరమే. అయినా ఆ ఊరి పేరు తెలియని తెలుగు కథోలికులు అరుదు. మిల్ హిల్ సభకు చెందిన థియొడోర్ డీక్మన్ గురువులు కట్టించిన బాలయేసు దేవాలయాన్ని దర్శించి వచ్చినవారు మీలోనూ ఉండవచ్చు. ఆ దేవాలయం లేవడానికి ఎన్నో ఏళ్ళ ముందు, 1822లో, జ్ఞానమ్మగారు ఆ ఊళ్ళో జన్మించారు.

కొమ్మారెడ్డి ఇన్నయ్యగారిని వివాహమాడి ఆమె కీలచ్చేరి కాపురానికి వెళ్ళారు. అది నేటి తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. గుంటూరు ప్రాంతం నుండి తరలివెళ్ళిన తెలుగు కథోలిక కుటుంబాలు స్థిరపడిన పల్లె అది. వారికి ఐదుగురు కొడుకులు. 1859లో భర్త కన్నుమూశారు.

ముప్పై ఏడేళ్ళకే విధవరాలు! ఆ రోజుల్లో దానికి అర్థం ఏమిటో మీ ఇంట్లోని పెద్దవాళ్ళను అడగండి. శుభకార్యంలో ఎదురు రాకూడదు, నలుగురిలో నోరు విప్పకూడదు. క్రైస్తవుల ఇళ్ళు కూడా ఈ ఆచారానికి అతీతం కాదని ఒప్పుకోవాలి. జ్ఞానమ్మగారు మాత్రం మూల కూర్చోలేదు. 1863లో కీలచ్చేరిలో బాలికల కోసం పాఠశాల తెరిచారు. ఆడపిల్లకు చదువెందుకని లోకం అడిగే కాలం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికా పాఠశాల పెట్టినది 1874లో, అంటే దీనికి పదకొండేళ్ళ తరువాత. పంతులుగారి సేవను తక్కువ చేయడానికి కాదు ఈ మాట. ఆయన పేరు మన పిల్లలందరికీ తెలుసు. ఈమె పేరు మన జ్ఞానోపదేశ తరగతుల్లోనైనా వినబడుతున్నదా?

ఒక్క చేతి మీద నడిచే బడి ఆ చేయి వాలిపోతే మూతపడుతుంది. ఆ 1874లోనే జ్ఞానమ్మగారు పునీత అన్నమ్మ పేరిట స్వదేశీ కన్యల సభను స్థాపించారు. పునీత అన్నమ్మ మరియతల్లికి తల్లి, యేసుప్రభువుకు అమ్మమ్మ. ఐదుగురు బిడ్డల తల్లి స్థాపించిన సభకు ఆ పేరు ఎంత చక్కగా అమరిందో చూడండి.

సభ పుట్టిన ఏడాదిలోనే, 1874 డిసెంబరు 21న, క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు జ్ఞానమ్మగారు ప్రభువులో నిద్రించారు. సభ మాత్రం నిలిచింది. మద్రాసు సభవారు, ఫిరంగిపురం సభవారు, ఇద్దరూ ఆమెనే తమ స్థాపకురాలిగా స్మరించుకుంటారు. 2014లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. అప్పటికి ఆమె మరణించి 140 ఏళ్ళు కావస్తున్నది.