జార్జి ఇవానోవిచ్ గుర్జీఫ్

జార్జి ఇవానోవిచ్ గుర్జీఫ్ (మరణం: అక్టోబరు 29, 1949) ఇరవయ్యవ శతాబ్దపు తొలి అర్ధభాగంలో రష్యా, ఫ్రాన్సు దేశాలలో పేరొందిన ఆధ్యాత్మిక బోధకుడు, రచయిత. మనిషి మెలకువగా ఉన్నాననుకుంటూనే నిద్రలో జీవిస్తున్నాడనీ, తన స్వభావం ఏ కోవకు చెందినదో స్వయంగా గమనించి తెలుసుకొనడం మేల్కొనడానికి తొలి మెట్టనీ ఆయన బోధించాడు. ఈ బోధన "నాలుగవ మార్గం" అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. నేడు వ్యక్తిత్వ పరీక్షలలో విరివిగా కనిపించే ఎనియాగ్రామ్ చిహ్నాన్ని ఆధునిక ప్రపంచానికి పరిచయం చేసినది ఆయనే. అయితే దానిపై తొమ్మిది రకాల వ్యక్తిత్వాలను అమర్చినది మాత్రం ఆయన కాదు.

బాల్యం, యాత్రలు

గుర్జీఫ్ నాటి రష్యా సామ్రాజ్యంలోని అలెగ్జాండ్రోపోల్ పట్టణంలో జన్మించాడు. ఇది నేటి ఆర్మేనియాలోని గ్యూమ్రీ. జన్మ సంవత్సరం విషయమై 1866, 1872, 1877 అని భిన్నాభిప్రాయాలున్నాయి. తండ్రి గ్రీకు జాతీయుడు, తల్లి ఆర్మేనియన్. తండ్రి పశుసంపద గలవాడే గాని, పశువులకు సోకిన రోగం వలన సర్వం కోల్పోయి వడ్రంగం పనితో కుటుంబాన్ని పోషించాడు. ఆయన పురాణగాథలను కంఠస్థంగా గానం చేసే గాయకుడు కూడా. తండ్రి పాడిన గిల్గమేష్ గాథ పురాతన ఫలకాలపై లభించిందని గుర్జీఫ్ తరువాతి కాలంలో ఒక పత్రికలో చదివాడు. ప్రాచీన జ్ఞానం వేల ఏళ్ళపాటు నోటిమాటగానే నిలిచి ఉండగలదనే నమ్మకం ఆయనలో దీనివలన బలపడింది.

గుర్జీఫ్ బాల్యంలో ఎక్కువ భాగం కార్స్ పట్టణంలో గడిచింది. అక్కడి ప్రధాన చర్చి మతాధికారి బోర్ష్ ఆయన చదువును పర్యవేక్షించాడు. యౌవనంలో సుమారు ఇరవై ఏళ్ళు ఈజిప్టు, మధ్య ఆసియా, టిబెట్టు మొదలగు ప్రాంతాలలో జ్ఞానాన్వేషణ చేసినట్లు స్వీయ రచనలో పేర్కొన్నాడు. ఈ యాత్రలకు ఇతర ఆధారాలు స్వల్పం కనుక, ఆ వృత్తాంతంలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అనే చర్చ పరిశోధకులలో కొనసాగుతూ ఉన్నది.

రష్యాలో బోధన

గుర్జీఫ్ 1912 ప్రాంతంలో మాస్కో చేరి శిష్యులను కూడగట్టాడు. రష్యా రచయిత ప్యోత్ర్ ఉస్పెన్స్కీ 1915లో ఆయనను కలిశాడు. అంతకు పూర్వం ఉస్పెన్స్కీ భారతదేశం వచ్చి, మద్రాసులోని అడయారు దివ్యజ్ఞాన సమాజంలో కొంతకాలం గడిపినా, తాను వెదకినది లభించక తిరిగివెళ్ళాడు. సంగీతకర్త థామస్ డి హార్ట్‌మన్ 1916లో శిష్యుడయ్యాడు. 1917 విప్లవం తరువాత గుర్జీఫ్ శిష్యులతో కాకసస్ ప్రాంతానికి తరలివెళ్ళాడు. 1918లో తండ్రి టర్కీ సైనికుల చేతిలో మరణించాడు. 1919లో టిఫ్లిస్ నగరంలో మానవ సమగ్ర వికాస సంస్థను స్థాపించి, అక్కడినుండి 1920లో కాన్‌స్టాంటినోపుల్‌కు, తరువాత జర్మనీకి వెళ్ళాడు.

స్వభావ భేదాలు

గుర్జీఫ్ బోధనలో మనుషులు ఏడు తరగతులు. దేహ ప్రవృత్తుల ప్రకారం నడిచేవాడు మొదటి తరగతి మనిషి. భావోద్వేగాల ప్రకారం నడిచేవాడు రెండవ తరగతికి, ఆలోచనల ప్రకారం నడిచేవాడు మూడవ తరగతికి చెందుతారు. ఈ ముగ్గురిలో ఎవరూ ఎక్కువ కారు, ఎవరూ తక్కువ కారు. పండితుడైనా, భక్తుడైనా, శ్రామికుడైనా ఒకే మెట్టుపై ఉన్నవారే. మనిషి పుట్టుకతో ఈ మూడింటిలో ఏదో ఒక తరగతికి చెంది ఉంటాడు. నాలుగవ తరగతి మాత్రం స్వయంకృషితోనే లభిస్తుంది. ఐదు, ఆరు, ఏడు తరగతులు క్రమంగా ఉన్నత చైతన్యస్థితులు.

దేహాన్ని జయించే ఫకీరు, భావాన్ని జయించే సన్యాసి, మనసును జయించే యోగి తలా ఒక దారిన వెళతారనీ, ఈ మూడింటినీ లోకవ్యవహారం విడువకుండా ఒకేసారి సాధించేది నాలుగవ మార్గమనీ ఆయన వివరించాడు. మనిషిని బండితో పోల్చడం ఆయన బోధనలో ముఖ్యమైనది. బండి దేహం, గుర్రం భావోద్వేగం, బండివాడు మనసు, లోపల కూర్చున్న యజమాని అసలైన నేను. కఠోపనిషత్తులోని రథరూపకాన్ని ఇది తలపింపజేస్తుంది గాని, అక్కడ గుర్రాలు ఇంద్రియాలు. గుర్జీఫ్ బండిలో యజమాని స్థానం సాధారణంగా ఖాళీ. ఎవరు ఎక్కితే వారు కాసేపు యజమానులు. ఒకే మనిషిలో ఎన్నో "నేను"లు ఉన్నాయనడం దీని భావం.

పుట్టుకతో వచ్చినది సారం, పెంపకం వలన అంటినది వ్యక్తిత్వం అని ఆయన విభజించాడు. మనిషి తన తరగతిని తెలుసుకొనడం అందులో స్థిరపడడానికి కాదు, దానినుండి బయటపడడానికే.

విందులలో శిష్యులు ఇరవై ఒక్క రకాల "మూర్ఖుల" పేరిట పానపాత్రలు ఎత్తే ఆచారం కూడా ఉండేది. సాధారణ మూర్ఖుడు మొదలు పరమ మూర్ఖుని వరకు ఉన్న రకాలలో అతిథి తన రకాన్ని తానే ఎన్నుకోవాలి. చివరి స్థానం భగవంతునిది. గుర్జీఫ్ ఈ పదాన్ని నిందగానే గాక, తానుగా ఉన్నవాడు అనే అర్థంలోనూ వాడాడు.

ఫ్రాన్సు జీవితం

1922లో పారిస్ సమీపాన ఫాంటెన్‌బ్లో వద్ద ప్రియోరే భవనంలో సంస్థ స్థిరపడింది. మేధావులూ, ధనికులూ అక్కడ తోటపని, వంటపని, పశుపోషణ చేస్తూ తమను తాము గమనించుకునేవారు. పవిత్ర నృత్యాల సాధన నిత్యం జరిగేది. క్షయరోగంతో వచ్చిన ప్రసిద్ధ రచయిత్రి కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ అక్కడే 1923 జనవరి 9న మరణించడంతో గుర్జీఫ్‌పై విమర్శలు చెలరేగాయి. ఆమె వ్యాధి అప్పటికే నయం కాని స్థితిలో ఉన్నదని తరువాతి జీవితచరిత్రకారులు తెలిపారు.

1924 జూలైలో కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన గుర్జీఫ్ కోలుకున్న పిదప రచనకు పూనుకున్నాడు. 1926లో భార్య జూలియా మరణించింది. ప్రియోరే 1930 దశకం ఆరంభంలో చేజారింది. సన్నిహిత శిష్యులను ఆయన ఒక్కొక్కరినే దూరం చేసుకున్నాడు. 1930–31 శీతాకాలంలో న్యూయార్కు శిష్యులను తమ గురువైన ఆల్ఫ్రెడ్ ఒరేజ్‌తో సంబంధం వదులుకుంటూ సంతకాలు చేయమన్నాడు. ఒరేజ్ స్వయంగా ఆ పత్రంపై సంతకం చేయడం విశేషం. ఇటువంటి కాఠిన్యాన్ని శిక్షణగా భావించినవారూ, నిరంకుశత్వంగా విమర్శించినవారూ ఉన్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పారిస్‌లోని చిన్న ఇంటిలో బోధన సాగించాడు. ఆ ఇంటికి వచ్చిన పేదలకు భోజనం పెట్టేవాడని శిష్యులు రాశారు. మరణానంతరం ఆయనను ఆవొన్ శ్మశానంలో ఖననం చేశారు. మాన్స్‌ఫీల్డ్ సమాధి కూడా అక్కడే ఉన్నది.

రచనలు, ప్రభావం

ఆయన ప్రధాన గ్రంథం, బీల్జెబబ్ తన మనుమడికి చెప్పిన కథలు, 1950లో వెలువడింది. ఉస్పెన్స్కీ గ్రంథం 1949లో ఈ బోధనను లోకానికి తెలిపింది. జీన్ డి సాల్జ్‌మన్ బోధనా పరంపరను కొనసాగించింది. గుర్జీఫ్ ఆత్మకథాత్మక గ్రంథం ఆధారంగా పీటర్ బ్రూక్ 1979లో చలనచిత్రం రూపొందించాడు.

గుర్జీఫ్ దృష్టిలో ఎనియాగ్రామ్ విశ్వనియమాలను తెలిపే చిహ్నం. బొలీవియాకు చెందిన ఆస్కార్ ఇచాజో దానిపై తొమ్మిది స్వభావాలను అమర్చగా, చిలీ మనోవైద్యుడు క్లాడియో నరాంజో 1970 దశకంలో వాటిని అమెరికాలో విస్తరింపజేశాడు. అందువలన నేటి తొమ్మిది రకాల పట్టికను గుర్జీఫ్ బోధనగా భావించడం సరికాదు. ఆయన చెప్పిన తరగతులు ఒక ప్రశ్నావళికి సమాధానాలిచ్చి తెలుసుకొనగలిగినవి కావు. వాటిని ఏళ్ళ తరబడి తనను తాను గమనించుకుని తెలుసుకోవలసినదే.