హాల్డేన్ గారి ఎలుకలు

మాది వ్యవసాయ కుటుంబం. నేను ఇంటర్ చదివే రోజుల్లో తొలకరికి ముందు మా రెండు గేదెలకూ ఒకే రోజున, ఒకే సీసాలోంచి గొంతువాపు టీకా వేయించాం. వానలు పడ్డాక ఒకటి ఆ రోగంతోనే పోయింది. రెండోది నిక్షేపంగా ఉంది. సూది వేసినతను మోసం చేశాడని నాన్న ఊరంతా చెప్పాడు. నేనూ నమ్మాను. డిగ్రీలో చేరి జె.బి.ఎస్. హాల్డేన్ గారి జీవితం చదివాక ఆ నమ్మకం సడలింది.

ఆయన 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి పేరుపొందిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. చెల్లెలు నవోమి గినీ పందులు పెంచేది. ఆ సరదాలోంచే అన్నాచెల్లెళ్ళ జన్యు పరిశోధన మొదలైంది. ఎలుకల్లో గులాబీ కళ్ళకూ తెల్లబొచ్చుకూ కారణమైన జన్యువులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని, స్ప్రంట్ అనే మిత్రుడితో కలిసి 1915లో ప్రకటించారు. అది అచ్చయ్యేనాటికే స్ప్రంట్ యుద్ధంలో చనిపోయారు.

1933లో హాల్డేన్ లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేరారు. అక్కడ పీటర్ గోరర్ అనే యువ డాక్టరుకు శుద్ధజాతి ఎలుకలిచ్చి, మన రక్తవర్గాల్లాంటివి వీటిలోనూ ఉన్నాయేమో వెతకమన్నారు. ఒకే ఈత పిల్లల్ని ఇరవై తరాలు జతకట్టిస్తూ పోతే ఆ జాతి ఎలుకలన్నీ కవలల్లా ఒకేలా తయారవుతాయి. వాటిని శుద్ధజాతులంటారు. జాతికీ జాతికీ మధ్య గోరర్ 1936లో కనిపెట్టిన తేడాకే తర్వాత హెచ్-2 అని పేరొచ్చింది. యాంటీబాడీలు ఎంత పుట్టాలో శాసించే జన్యువులు ఆ హెచ్-2 దగ్గరే ఉన్నాయని 1960ల చివర్లో తేలింది. అన్నీ అక్కడే లేవు. న్యూమోనియా బాక్టీరియా పైపొరలోని చక్కెర పదార్థాన్ని ఎక్కిస్తే చాలా జాతుల ఎలుకలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. సి.బి.ఎ./ఎన్ అనే జాతి మాత్రం దాదాపు చెయ్యదు. మందు అదే, మోతాదూ అదే! లోపం దాని ఎక్స్ క్రోమోజోములో ఉంది.

రోగాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఒక్కొక్క జీవికి ఒక్కో రకంగా ఉంటుందనీ, ఆ తేడాలే జాతిని నిలబెడతాయనీ హాల్డేన్ 1949లోనే వాదించారు. 1957లో మన దేశానికి వచ్చి, కలకత్తాలోనూ భువనేశ్వర్‌లోనూ పనిచేసి, ఇక్కడి పౌరుడయ్యారు. 1964 డిసెంబరు 1న క్యాన్సర్‌తో కన్నుమూశారు. తన దేహాన్ని విద్యార్థుల చదువు కోసం మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు.

మా గేదె పుట్టుక వల్లే పోయిందని నేననను. టీకా మందు ఎండకు పాడై ఉండొచ్చు, ఆలస్యమై ఉండొచ్చు. కానీ ఆ మనిషిని దొంగ అనడానికి మా దగ్గర రుజువేదీ? పోయిన సెలవుల్లో నాన్నకి ఈ మాటే చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఈసారి తొలకరికి మాత్రం మళ్ళీ అతన్నే పిలిపించాడు.