ప్రకాశం పంతులు గారి మంత్రివర్గము

ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి బిడ్డలను పోషించుకొనిన యొక వితంతువు కుమారుడు, పిదప ఆంధ్ర రాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. ఆయనయే టంగుటూరి ప్రకాశం పంతులు గారు.

వీరు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన వినోదరాయునిపాలెమున జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. మిషన్ పాఠశాలలో ఉపాధ్యాయులగు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు ఈ పేద బాలుని తెలివిని గుర్తించి, తాము రాజమహేంద్రవరమునకు వెళ్ళునపుడు వెంట గొనిపోయి చదువు చెప్పించిరి. ఒక గురువు దయ యెంత దూరము ఫలించునో చూడుడు!

పంతులు గారు ఇంగ్లండున బారిష్టరు పట్టము పొంది, మద్రాసులో విశేష ధన మార్జించిరి. 1921లో ఆ వృత్తిని విడిచి, స్వరాజ్య పత్రికను స్థాపించి, ఆర్జించినదెల్ల దానికే వెచ్చించిరి. 1928లో సైమను సంఘము వచ్చినపుడు తుపాకులకు రొమ్ము నొడ్డి, ఆంధ్రకేసరి యను బిరుదమునకు తగినవారని చాటిరి. 1946లో మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రులైరి గాని, స్వపక్షమువారే వ్యతిరేకింపగా, ఏడాదియైనను నిండక 1947 మార్చిలో ఆ పదవిని విడిచిరి.

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్ర మవతరించెను. శాసనసభలోని 140 స్థానములలో ఏ పక్షమునకును సగమునకు మించిన బలము లేదు. 1951లో కాంగ్రెసును వీడిన పంతులు గారినే ఆ పక్షమువారు నాయకునిగా నంగీకరించిరి. అప్పటికి వారి వయస్సు 81 సంవత్సరములు. నీలం సంజీవరెడ్డి గారు ఉపముఖ్యమంత్రులైరి. కార్యాలయములు కొన్ని గుడారములలోనే నడచెను. అయినను ఒక్క యేడాదిలోనే గుంటూరున హైకోర్టును, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును నెలకొల్పబడెను. బెజవాడ యొద్ద కృష్ణపై క్రొత్త ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను.

ఇంతలో మద్యనిషేధము చిక్కు తెచ్చెను. కల్లు గీయువారు జీవనోపాధి గోల్పోయిరి. ఎస్.వి. రామమూర్తి గారి అధ్యక్షతను గల సంఘము నిషేధమును తొలగింపుమని సలహా యిచ్చెను. ప్రభుత్వము దాని నమలుపరుపకుండుటచే సభలో అవిశ్వాస తీర్మానము వచ్చెను. 1954 నవంబరు 6వ తేదీన ఒకే యొక్క ఓటు తేడాతో మంత్రివర్గము కూలెను. రాష్ట్రము రాష్ట్రపతి పాలనలోనికి వెళ్ళెను.

పంతులు గారు 1957 మే 20వ తేదీన మన హైదరాబాదు నగరముననే కాలధర్మము నొందిరి. లక్షల నార్జించినవారు, రెండు రాష్ట్రముల నేలినవారు, తమకై సంపద నేమియు మిగుల్చుకొనలేదు. కృష్ణపై నాటి ఆనకట్ట నేడు ప్రకాశం బారేజి యను పేర నిలిచి పొలములకు నీరందించుచున్నది.

విద్యార్థులారా! పదవి యొక్క ఓటుతో పోవచ్చును. ప్రజలకై చేసిన పని యట్లు పోవునది కాదు.