ద్వారపాలకుని కుమారుడు, దివ్యఖుర్ఆన్ లేఖకుడు

అరబీలో బవ్వాబ్ అంటే ద్వారపాలకుడు. బగ్దాద్‌ను ఏలిన బువైహీ పాలకుల కొలువులోని ఒక ద్వారపాలకుని కుమారుడు అలీ బిన్ హిలాల్. లోకం ఆయన్ని ఇబ్నుల్ బవ్వాబ్ అనే పిలిచింది. ఆ పేరే తర్వాత ఇస్లామీయ లేఖన కళకు గౌరవచిహ్నమైంది.

ఆయన మొదట్లో ఇళ్ళకు రంగుల అలంకరణ చేసేవారు. తర్వాత గ్రంథాల పుటలకు బంగారు నగిషీలు దిద్దారు. చివరికి కలం పట్టారు. దివ్యఖుర్ఆన్‌ను కంఠస్థం చేసిన హాఫిజ్ కూడా. క్రీ.శ. 940లో మరణించిన మంత్రి ఇబ్ను ముఖ్లా, కలం మొనతో పెట్టిన చుక్కను కొలమానంగా తీసుకొని ప్రతి అక్షరానికీ పరిమాణం నిర్ణయించారు. ఇబ్నుల్ బవ్వాబ్ ఆ కొలతలకు అందం, సౌలభ్యం చేకూర్చారు.

ఆయన షీరాజ్‌లో బహాఉద్దౌలా గ్రంథాలయాన్ని చూసుకునే రోజుల్లో జరిగిన ఒక సంఘటనను చరిత్రకారుడు యాఖూత్ హమవీ నమోదు చేశారు. ఇబ్ను ముఖ్లా స్వహస్తాలతో రాసిన ఖుర్ఆన్ భాగాలు అక్కడ చెల్లాచెదురుగా పడివున్నాయి. వెతికితే 29 పారాలు దొరికాయి, ఒకటి దొరకలేదు. దాన్ని తాను రాసి పూర్తిచేస్తానని, పాలకుడు ఆ పారాను గుర్తుపట్టలేకపోతే తనకు ఒక ఖిల్అత్, 100 దీనార్లు ఇవ్వాలని ఇబ్నుల్ బవ్వాబ్ అన్నారు. పాలకుడు ఒప్పుకున్నాడు. పాత కాగితం ఏరి, అదే తీరులో రాసి, బంగారు పూతకు పాతదనం తెచ్చి, మరో గ్రంథం అట్టను దానికి తొడిగారు. దాదాపు ఏడాది తర్వాత పాలకుడు ముప్ఫై పారాలూ తిరగేసినా కొత్తదేదో పోల్చుకోలేకపోయాడు. అయినా మాటిచ్చిన బహుమానం మాత్రం అందలేదు. ఇబ్నుల్ బవ్వాబ్ దానికి బదులు గ్రంథాలయంలో మిగిలిన తెల్ల చైనా కాగితం అడిగి తీసుకున్నారు. ఏళ్ళ తరబడి దాని మీదే రాసుకున్నారు.

పాఠకులారా! బహుమానం చేజారితే చాలామంది పనినే ద్వేషిస్తారు. ఆయన మాత్రం పని కొనసాగడానికి కావలసిన కాగితాన్నే ప్రతిఫలంగా ఎంచుకున్నారు.

ఆయన 64 సార్లు ఖుర్ఆన్ రాశారని చెబుతారు. హి.శ. 391లో (క్రీ.శ. 1000-1001) బగ్దాద్‌లో రాసిన ముస్‌హఫ్ ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. ఒక చేతిలో ఇమిడే చిన్న గ్రంథం అది. 286 పత్రాలు, నస్ఖ్ లిపి. దాని చివర ఆయన తన పేరు రాసి, అల్లాహ్‌ను స్తుతించి, దైవప్రవక్త (స)పై దరూద్ పంపి, తన పాపాలకు క్షమాభిక్ష కోరుకున్నారు. అంతటి పని ముగించిన చేయి గొప్పలు చెప్పుకోలేదు, దుఆ కోసం చాచుకుంది.

హి.శ. 413లో (క్రీ.శ. 1022) ఆయన బగ్దాద్‌లో కన్నుమూశారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) సమాధి సమీపంలో ఖననం జరిగింది.

మన ఇళ్ళలో ముస్‌హఫ్‌లు అందమైన జుజ్‌దాన్‌లలో, ఎత్తైన అరల్లో ఉంటాయి. అక్షరాన్ని అంత శ్రద్ధగా తీర్చిదిద్దింది చదవడానికే కదా! ఆ అక్షరాల వెనుకనున్న సందేశాన్ని మన జీవితాల్లో రాసుకునే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.