గొంతుతోనే బంధువైన వ్యాఖ్యాత బ్రియాన్ జాన్‌స్టన్

1994 జనవరి 5వ తేదీన లండన్‌లో ఒక క్రికెట్ వ్యాఖ్యాత కన్నుమూశారు. ఆ వార్త విని ఇంగ్లండ్‌లో ఎంతోమంది ఇంటి పెద్దను పోగొట్టుకున్నట్లు బాధపడ్డారు. ఆయన టెస్టు ఆటగాడు కాదు. పేరుమోసిన కెప్టెనూ కాదు. నలభై ఏడేళ్లకు పైగా మైకు ముందు కూర్చుని, మైదానానికి రాలేనివారికి ఆట ఎలా సాగుతున్నదో చెప్పిన మనిషి. ఆయనే బ్రియాన్ జాన్‌స్టన్. అభిమానులు ముద్దుగా పిలుచుకున్న పేరు జానర్స్.

టెలివిజన్ పల్లెలకు రాకముందు రచ్చబండ దగ్గరో, కిళ్లీ కొట్టు ముందరో ట్రాన్సిస్టర్ చుట్టూ మూగి స్కోరు విన్నవారికి రేడియో గొంతు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ గొంతు ఎవరిదో తెలియకపోయినా, రోజూ వింటూ ఉంటే అది మనవాళ్ల గొంతే అయిపోతుంది. జాన్‌స్టన్ విషయంలో జరిగిందీ అదే.

పదేళ్ల వయసులో పిడుగుపాటు

జాన్‌స్టన్ 1912 జూన్ 24న ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో లిటిల్ బర్కామ్‌స్టెడ్ అనే చిన్న ఊళ్లో జన్మించారు. నలుగురు పిల్లల్లో ఆయనే కడగొట్టువాడు. 1922 వేసవిలో కుటుంబమంతా సముద్రతీరంలోని బ్యూడ్ అనే ఊరికి వెళ్లింది. అక్కడ తండ్రి సముద్రంలో మునిగి చనిపోయారు. అప్పటికి బ్రియాన్‌కు పదేళ్లు. జీవితమంతా నవ్విస్తూ గడిపిన మనిషి బాల్యంలో ఇంత దుఃఖం ఉన్నదని ఆయన మాటలు విన్నవారు ఊహించలేరు.

ఈటన్‌లో చదువుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర అభ్యసించారు. క్రికెట్ అంటే ప్రాణం. వికెట్ కీపరుగా ఆడేవారు గాని, ఈటన్ పాఠశాల ప్రధాన జట్టులో చోటు దక్కలేదు. ఆ కొరత ఆయనకు చాలాకాలం ఉండిపోయింది. చదువయ్యాక తాతల నాటి కాఫీ వ్యాపారంలో చేరి, ఆ పని మీద బ్రెజిల్ దేశానికి కూడా వెళ్లివచ్చారు. వ్యాపారం మీద మనసు నిలవలేదు.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన గ్రెనేడియర్ గార్డ్స్ దళంలో చేరారు. యుద్ధరంగంలో ట్యాంకుల మరమ్మతు బాధ్యతలు చూశారు. ఆయన చూపిన ధైర్యసాహసాలకు 1945లో మిలిటరీ క్రాస్ పతకం లభించింది.

తొలి వ్యాఖ్యానం మన జట్టు ఆటకే

యుద్ధకాలంలో పరిచయమైన రేడియో మిత్రుల ద్వారా 1946 జనవరిలో జాన్‌స్టన్ బి.బి.సి.లో ప్రవేశించారు. ఆ సంవత్సరం జూన్ నెలలో లార్డ్స్ మైదానంలో జరిగిన టెస్టు మ్యాచితో టెలివిజన్ వ్యాఖ్యాత అయ్యారు. ఆనాడు ఇంగ్లండ్‌తో తలపడినది భారత జట్టే. కెప్టెన్ పటౌడీ నవాబు ఇఫ్తికార్ అలీఖాన్. ఇంగ్లండ్ బౌలర్ అలెక్ బెడ్సర్ తన మొదటి టెస్టులోనే 11 వికెట్లు తీయగా, మన జట్టు పది వికెట్ల తేడాతో ఓడింది. యుద్ధం వల్ల మూతపడిన టెలివిజన్ ఆ నెలలోనే తిరిగి మొదలైంది. సెట్లు ఉన్న ఇళ్లు ఇంగ్లండ్‌లోనూ అప్పుడు బహు తక్కువ.

క్రికెట్ లేని రోజుల్లో ఆయన చేయని కార్యక్రమం లేదు. 1948 నుంచి 1952 వరకు వారం వారం ఒక సాహసాన్ని స్వయంగా చేసి, దాన్ని ప్రత్యక్షంగా రేడియోలో వినిపించేవారు. హంతకుల మైనపు బొమ్మలున్న ప్రదర్శనశాలలో రాత్రిపూట ఒంటరిగా కూర్చున్నారు. పట్టాల నడుమ గోతిలో పడుకుని, పైనుంచి రైలు పోతుండగా మాట్లాడారు. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేక వ్యాఖ్యాతలలో ఆయన కూడా ఒకరు. 1963లో బి.బి.సి. తొలి క్రికెట్ ప్రతినిధిగా నియమితులయ్యారు.

పక్కన పెట్టినా ఆగని ప్రయాణం

1970లో ఆయనకు పెద్ద దెబ్బ తగిలింది. ఇరవై నాలుగేళ్లు పని చేసిన టెలివిజన్ వ్యాఖ్యాతల బృందం నుంచి ఆయనను తప్పించారు. అప్పటికి వయసు యాభై ఎనిమిదికి దగ్గర. మరొకరైతే ఇక చాలునని ఇంట్లో కూర్చునేవారు. జాన్‌స్టన్ మాత్రం రేడియోకు మారారు. 1957 నుంచి ప్రతి బంతినీ వివరిస్తూ వస్తున్న టెస్ట్ మ్యాచ్ స్పెషల్ అనే కార్యక్రమంలో పూర్తిస్థాయిలో చేరారు. రెండేళ్లకు, అరవయ్యో ఏట ఉద్యోగ విరమణ చేశారు. దేశమంతటికీ ఆప్తుడైనది ఆ తర్వాత గడచిన ఇరవై ఒక్క ఏళ్లలోనే.

టెస్టు అంటే అయిదు రోజుల ఆట. మధ్యలో వాన వస్తే గంటలకు గంటలు ఆట ఆగిపోతుంది. అప్పుడు కూడా వీళ్ల మాటలు ఆగేవి కావు. పాత ఆటలు, శ్రోతల ఉత్తరాలు, తోటి వ్యాఖ్యాతల మీద జోకులు వరసగా సాగిపోయేవి. శ్రోతలు ఇళ్లలో కేకులు చేసి మైదానానికి పంపేవారు. ఏ ఊరి ఇల్లాలు ఏ కేకు పంపిందో ఆయన రేడియోలో చెప్పి కృతజ్ఞతలు తెలిపేవారు. సహచరుడు జాన్ ఆర్లట్ కవిలా మాట్లాడితే, జాన్‌స్టన్ అరుగు మీద కూర్చున్న పక్కింటి పెద్దాయనలా మాట్లాడేవారు. ఆట కంటే సరదా ఎక్కువైందని విసుక్కున్నవారు లేకపోలేదు. అయినా సరదా కోసమే రేడియో పెట్టినవారు అంతకు ఎన్నో రెట్లు.

1991 ఆగస్టులో ఓవల్ మైదానంలో వెస్టిండీస్‌తో టెస్టు జరుగుతోంది. ఇంగ్లండ్ ఆటగాడు బోథమ్ తూలి, వికెట్ల మీదుగా కాలు దాటించబోయి, బెయిలు పడగొట్టుకుని అవుటయ్యాడు. ఆనాటి ఆట ముగిశాక సహ వ్యాఖ్యాత జొనాథన్ ఆగ్న్యూ దీని మీద ఒక చతురోక్తి విసిరాడు. జాన్‌స్టన్‌కు నవ్వు ఆగలేదు. స్కోరు చెబుదామని ప్రయత్నించినకొద్దీ గొంతు కీచుమంది. వింటూ కార్లు నడుపుతున్నవారు రోడ్డు పక్కన ఆపుకుని నవ్వారు. 2005లో బి.బి.సి. శ్రోతలు ఓట్లు వేసి దీన్నే అత్యుత్తమ క్రీడా వ్యాఖ్యానంగా ఎన్నుకున్నారు.

పల్లెల బాటలో, అంధుల తోడుగా

1972లో ఫ్రాంక్లిన్ ఎంగెల్‌మన్ అనే ప్రసారకుడు హఠాత్తుగా మరణించారు. డౌన్ యువర్ వే అనే రేడియో కార్యక్రమం కోసం ఆయన 733 సంచికలు చేసి ఉన్నారు. ఆ బాధ్యత జాన్‌స్టన్‌కు వచ్చింది. బ్రిటన్‌లోని ఊళ్లూ పల్లెలూ తిరిగి, అక్కడి మామూలు మనుషులతో మాట్లాడి, వారికి ఇష్టమైన పాట వినిపించడం ఆ కార్యక్రమం. 1987లో తానూ సరిగ్గా 733 పూర్తి చేసి, ముందువాడిని మించకుండా తప్పుకున్నారు. ఆయన సంస్కారానికి ఇదొక నిదర్శనం.

చూపు లేనివారికి రేడియో వ్యాఖ్యానమే ఆటస్థలమని ఆయన గుర్తించారు. ఇంగ్లండ్‌లో ప్రైమరీ క్లబ్ అనే సంస్థ ఉన్నది. తొలి బంతికే అవుటైన వారెవరైనా రుసుము కట్టి అందులో చేరవచ్చు. ఆ సొమ్ము అంధుల ఆటపాటలకు వెళుతుంది. టెస్టు జరిగే శనివారాల్లో జాన్‌స్టన్ ఈ క్లబ్బు గురించి తప్పకుండా చెప్పేవారు.

భారత అభిమానులకు మరపురాని 1983 ప్రపంచ కప్ ఫైనల్‌లోనూ ఆయన వ్యాఖ్యాతే. తమ జట్టు గెలిస్తే ఇందిరా గాంధీ సెలవు ప్రకటిస్తారా అని పక్కనున్న ఫరూక్ ఇంజనీరును ఆయన సరదాగా అడిగిన సంగతి ఇంజనీరు తర్వాతి కాలంలో చెప్పుకున్నారు.

ప్రయాణం మధ్యలో

ఎనభై ఒక్క ఏళ్ల వయసులోనూ ఆయన ఊరూరా తిరిగి రంగస్థలం మీద కబుర్లు చెప్పేవారు. 1993 డిసెంబర్ 2న బ్రిస్టల్ వెళ్లేందుకు టాక్సీలో పాడింగ్టన్ స్టేషనుకు బయలుదేరారు. దారిలోనే గుండెపోటు వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి రావడంతో కోలుకుంటారని అందరూ ఆశపడ్డారు. ఆ ఆశ కొత్త సంవత్సరంలో అయిదు రోజులకే అడుగంటింది. ఆయనకు భార్య పాలిన్, అయిదుగురు పిల్లలు. ఆయనకు ఎంతో ఇష్టమైన స్వానేజ్ పట్టణం వద్ద అంత్యక్రియలు జరిగాయి.

మే 16న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో జరిగిన సంస్మరణ ప్రార్థనకు రెండు వేల మందికి పైగా వచ్చారు. నాటి ప్రధాని జాన్ మేజర్ స్వయంగా నివాళులర్పించారు. ఆటగాళ్లు, ప్రసారకుల సరసనే, ఆయనను రేడియోలో తప్ప ఎన్నడూ ఎరుగని సామాన్యులు కూడా కూర్చున్నారు. మరుసటి సంవత్సరం ఆయన పేరిట ఒక నిధి ఏర్పడింది. వర్ధమాన క్రికెటర్లకు, అంధుల క్రికెట్‌కు అది తోడ్పాటునిచ్చింది.

జట్టులో చోటు దొరకని కుర్రవాడు, టెలివిజన్ వద్దన్న పెద్దాయన చివరకు వేల ఇళ్లలో చోటు సంపాదించుకున్నారు. విన్నవారిని తనవారనుకోవడమే అందుకు ఆయన పెట్టిన పెట్టుబడి.