వజీఫాలతో చదువుకున్న రాష్ట్రపతి

మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడల్లా మేము సర్ సయ్యద్ గారి గురించో, మౌలానా ఆజాద్ గారి గురించో రాసిస్తూ వచ్చాము. ఈ ఏడు మన పక్కవూరి మనిషి గురించి రాయాలనిపించింది. దానికి కారణముంది. మా ఉర్దూ మీడియం బడిలో పదో తరగతి మంచి మార్కులతో దాటిన పిల్లలు కొందరు, అందులోనూ ఆడపిల్లలు, ఇంటర్‌తో నిలిచిపోతున్నారు. ఎందుకమ్మా అంటే ఫీజు అంటారు. మరి వజీఫాకు దరఖాస్తు పెట్టలేదా అంటే ఇంట్లో పెద్దవాళ్ళు ముఖం తిప్పుకుంటారు. సర్కారు డబ్బుతో చదవడమంటే ఇంకొకరి ముందు చెయ్యి చాపినట్టేనని వాళ్ళ మనసులో ఒక ముల్లు వుండిపోయింది. ఆ ముల్లు తీయడానికి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జీవితం కంటే మంచి సాధనం మాకు కనబడలేదు.

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. రేణిగుంటలో అరక్కోణం రైలెక్కి పుత్తూరు, ఏకాంబరకుప్పం దాటి కొంచెం దూరం పోతే వచ్చే వూరే అది. అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇందులో చేరింది, 1960 ఏప్రిల్‌లో సరిహద్దులు సర్దినప్పుడు మద్రాసు రాష్ట్రానికి పోయింది. అంటే వారు ఉపరాష్ట్రపతిగా వుండగా వారి పుట్టిన వూరు రాష్ట్రం మారింది. ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లి గ్రామానిది. ఇంట్లో మాట్లాడేది తెలుగు.

తండ్రి వీరాస్వామి గారు జమీందారీ కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. తల్లి సీతమ్మ గారు. ఇంటినిండా పిల్లలు, వచ్చే జీతం కొంచెం. బ్రాహ్మణ కుటుంబం కాబట్టి చదువు విలువ ఇంట్లో తెలుసు, వూళ్ళో గౌరవమూ వుంది. కానీ గౌరవంతో పుస్తకాలు రావు కదా. ఆ కుర్రవాడు తిరుత్తణి వీధిబడితోనే ఆగిపోయి వుంటే తండ్రిలాగే ఏదో ఒక కచేరీలో లెక్కలు రాసుకుంటూ బతికేవాడని మా అంచనా.

1896లో ఎనిమిదేళ్ళ వయసులో ఆయనను తిరుపతిలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ బడికి పంపారు. కొండ కింద ఊరు, చుట్టూ గోవిందనామం, మధ్యలో జర్మన్ పాదిరీలు పెట్టిన బడి. అక్కడ నాలుగేళ్ళు చదివి 1900లో వేలూరు పోయారు. అక్కడి వూరీస్ కాలేజీ అమెరికన్ ఆర్కాటు మిషన్ వారిది. వేలూరు చిత్తూరు వాళ్ళకు ఎదురిల్లు లాంటిదే, ఆస్పత్రికైనా బట్టల బేరానికైనా పొద్దున పోయి సాయంత్రం వచ్చేస్తాము. కానీ ఇల్లు వదిలి అక్కడే వుండి చదవాల్సిన పిల్లవాడికి, చేతిలో డబ్బులేని పిల్లవాడికి అది దూరమే. ఆయనను అక్కడ నిలబెట్టింది వజీఫా. ఒక తరగతిలో తెచ్చుకున్న మార్కులు పై తరగతికి ఫీజు అయ్యాయి. విద్యార్థి దశ మొదలుకొని ముగిసేదాకా వారి చదువు ఇట్లా ఒక స్కాలర్‌షిప్పు మీదనుంచి ఇంకొక స్కాలర్‌షిప్పు మీదికి అడుగేస్తూ సాగింది. మధ్యలో 1903లో శివకాము గారితో పెళ్ళి కూడా అయిపోయింది, అప్పటి ఆచారం అట్లాంటిది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అదే కాలంలో మన పెద్దలు చాలామంది ఇంగ్లీషు బడి అంటే పిల్లల దీన్ పోతుందని భయపడ్డారు. సర్ సయ్యద్ గారు 1875లో అలీగఢ్‌లో పెట్టిన మదరసా, తర్వాత కాలేజీ అయిన ఆ సంస్థ, ఆ భయంతోనే ఎన్నాళ్ళో పోరాడవలసి వచ్చింది. రాధాకృష్ణన్ గారు ఎక్కువ కాలం క్రైస్తవ మిషన్ వారి బడుల్లో, కాలేజీల్లోనే చదివారు. బయటికి వచ్చింది మాత్రం హిందూ తత్త్వాన్ని ప్రపంచానికి చెప్పే పండితుడుగా. పాదిరీలు తమ మతాన్ని విమర్శిస్తూ వుంటే దానికి జవాబు వెతుక్కుంటూ ఆయన తమ గ్రంథాల లోతుకు పోయారని వారి జీవితం రాసినవాళ్ళు చెప్తారు. భయపడి బడి మానేసి వుంటే ఆ జవాబు దొరికేదా?

వేలూరు తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. ఇప్పుడది తాంబరంలో వుంది, 1937లో అక్కడికి మారింది. వీరు చదివే రోజుల్లో జార్జిటౌనులో, హైకోర్టు ఎదురుగా వుండేది. అక్కడా వజీఫా దొరికింది. కానీ వజీఫా ఫీజు కడుతుంది, పుస్తకాలు కొనిపెట్టదు. ఏ సబ్జెక్టు తీసుకోవాలా అని తర్జనభర్జన పడుతున్న సమయంలో, అదే కాలేజీలో అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన దగ్గరి బంధువు ఒకాయన తన పాత పుస్తకాలు తెచ్చి యిచ్చారు. అవి ఫిలాసఫీ పుస్తకాలు. అంతే, ఫిలాసఫీ ఖాయమైంది! ప్రపంచం తత్త్వవేత్త అని పిలిచిన మనిషి ఆ దారిలోకి వచ్చింది ఉచితంగా దొరికిన పుస్తకాల వల్ల.

ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో పిల్లలు నవ్వుతారు. మాకు మాత్రం నవ్వు రాదు. డబ్బు చూసి సబ్జెక్టు ఎంచుకున్నవాళ్ళు మాకు చాలామంది తెలుసు. ఆయనకు అది అదృష్టమై కూర్చుంది, అందరికీ కూర్చోదు. ఫార్మసీ చదవాలని ఆశపడిన మా పాత విద్యార్థిని ఒకామె, బస్సు ఖర్చు లేకుండా నడిచిపోయే దూరంలో వున్న కాలేజీలో ఏది దొరికితే అది చేరింది. ఆమె ఇప్పుడు సంతోషంగానే వుంది. అయినా ఆ ఫార్మసీ మాట వస్తే మాట మారుస్తుంది.

ఎం.ఏ. పట్టా కోసం వారు వేదాంతంలోని నీతి గురించి ఒక సిద్ధాంత వ్యాసం రాశారు. అది 1908లో, వారికి ఇరవై ఏళ్ళప్పుడు అచ్చయింది. దాన్ని చూసి మెచ్చుకున్న గురువు ఎ.జి. హాగ్ గారు క్రైస్తవ మిషనరీయే. శిష్యుడు తమ వాదానికి ఎదురు నిలబడి రాసినా మార్కులు తగ్గించలేదు చూడండి! ఉస్తాద్ అంటే అట్లా వుండాలి.

1909 ఏప్రిల్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం దొరికింది. తర్వాత ఉపాధ్యాయ శిక్షణ కోసం సైదాపేట టీచర్స్ కాలేజీకి పోయారు. అంటే మేము, మీ పిల్లల అయివార్లమూ ఎక్కిన మెట్టే వారూ ఎక్కారు. 1918లో మైసూరు విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 1921లో కలకత్తా పిలిచింది. మైసూరు వదిలి పోయేరోజు విద్యార్థులు బండికి గుర్రాలు విప్పేసి, పూలతో అలంకరించి తామే లాగి రైల్వే స్టేషను దాకా తీసుకుపోయారు. ఈ కథ అందరికీ తెలిసిందే, అయినా రాయకుండా వుండలేకపోయాము.

1931లో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా వచ్చారు. వారికి ముందు ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరనుకున్నారు? చిత్తూరు పక్కనే వున్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి గారు. ఆయన ఇంట్లో జరుగుబాటు వుంది, అయినా కేంబ్రిడ్జి పోయింది 1902లో భారత ప్రభుత్వం యిచ్చిన స్కాలర్‌షిప్పు మీదనే. ఆంగ్ల ప్రభుత్వం 1930లో సత్యాగ్రహులను కొట్టించినందుకు నిరసనగా రెడ్డి గారు పదవి వదిలేశారు. సర్కారు డబ్బుతో చదివినవాడు సర్కారుకు జన్మంతా దాసుడై వుంటాడనే భయం వున్నవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు. 1936లో రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డుకు ఆచార్యులుగా పోతే మళ్ళీ రెడ్డి గారే వచ్చి కూర్చున్నారు. చుట్టుపక్కల వూళ్ళవాళ్ళు ఇద్దరు, ఇద్దరూ వజీఫాదారులే, ఆంధ్రుల విశ్వవిద్యాలయాన్ని మొదటి రెండు దశాబ్దాలూ నడిపారు. వాల్తేరులో వున్నప్పుడు రాధాకృష్ణన్ గారు ఎక్కడెక్కడి యువకులనో పిలిచి ఉద్యోగాలిచ్చారు. అందులో బెంగాలు నుంచి వచ్చిన హుమాయూన్ కబీర్ గారు ఒకరు, తర్వాత కాలంలో కేంద్ర మంత్రి అయినారు.

1939 నుంచి 1948 దాకా బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం బాధ్యత మోశారు. ఆ తర్వాత వచ్చింది మా దృష్టిలో వారు చేసిన పనులన్నింటిలోకి పెద్దది. మౌలానా ఆజాద్ గారు విద్యామంత్రిగా వుండగా 1948లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ వేశారు. దానికి అధ్యక్షులు రాధాకృష్ణన్ గారు. సభ్యులలో అప్పుడే అలీగఢ్ ఉపాధ్యక్షులైన డాక్టర్ జాకిర్ హుసేన్ గారు కూడా వున్నారు. జాకిర్ హుసేన్ గారు 1897లో హైదరాబాదులో పుట్టినవారు, బెర్లిన్‌లో డాక్టరేటు చేసి వచ్చి, జామియా మిల్లియాలో నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా ఇరవై ఏళ్ళు పనిచేస్తామని తోటివారితో పాటు ప్రతిజ్ఞ పట్టినవారు. ఒకరు వజీఫాల మీద పైకి వచ్చినవారు, ఒకరు జీతం వద్దనుకుని పిల్లలకు చదువు చెప్పినవారు. ఇట్లాంటివారు కూర్చుని రాసిన నివేదిక 1949 ఆగస్టులో సిద్ధమయింది. తెలివి వుండి డబ్బులేని విద్యార్థులను వేతనాలిచ్చి చదివించాలనే మాట అందులో గట్టిగానే వుంది. దాని సలహా వల్లనే 1953లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ పుట్టింది.

1952లో ఉపరాష్ట్రపతి, 1954లో భారతరత్న, 1962 మే నెలలో రాష్ట్రపతి. వారి తర్వాత ఈ రెండు పదవులూ జాకిర్ హుసేన్ గారికే దక్కాయి. ఆ పదవుల వివరాలు అందరికీ తెలిసినవే, పొడిగించము. 1962లో శిష్యులు పుట్టినరోజు చేస్తామని వస్తే, అది ఉపాధ్యాయుల రోజుగా జరపమన్నారు. ఆ విషయం తెలియని పిల్లవాడు బడుల్లో లేడు. చాలామందికి తెలియనిది ఇంకొకటి వుంది.

వారు రాష్ట్రపతిగా వుండగా, 1963లో, కేంద్ర ప్రభుత్వం జాతీయ రుణ వేతనాల పథకం మొదలుపెట్టింది. పేదవాడై మార్కులు బాగా వచ్చిన విద్యార్థికి మెట్రిక్ దాటినప్పటి నుంచి చదువు ముగిసేదాకా అప్పు. వడ్డీ లేదు! ఉద్యోగం దొరికాక కొంచెం కొంచెంగా తీర్చుకోవాలి. మన మాటలో చెప్పాలంటే సర్కారువారు యిచ్చిన కర్జె హసనా. ఇంకా విశేషమేమంటే, అప్పు తీసుకున్నవాడు చదువు అయ్యాక బడిపంతులైతే, పనిచేసిన ఒక్కో ఏడాదికి అప్పులో పదో వంతు కొట్టేసేవారు. పదేళ్ళు పాఠం చెప్తే అప్పు మాఫీ. అయివారి పని మీద ఆ కాలానికి ఎంత గౌరవమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ పథకం తర్వాత ఆగిపోయింది. మా తరానికి అందలేదు, మేము డిగ్రీ చదివింది అబ్బాజాన్ చేసిన చేబదులు మీద.

ఇప్పుడున్న దారులు వేరు. మన రాష్ట్రంలో 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, పేర్లు మారుతూ నడుస్తూ వుంది. బ్యాంకుల చదువు అప్పులున్నాయి, వాటికి వడ్డీ వుంది. ఆ వడ్డీ సంగతి ఉలమాను అడగవలసిందే, మేము బడిపంతులం, ఫత్వా చెప్పలేము. సర్కారు డబ్బు సమయానికి రాక ఇబ్బందులూ వున్నాయి. మా పాత విద్యార్థి ఒకడికి ఆ డబ్బు జమ కాలేదని కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఏడాది తిప్పారు. ఏ కాలేజీ అనేది ఇక్కడ రాయము. వాడు పట్టు వదలక తిరిగి తెచ్చుకున్నాడు, ఉద్యోగంలో చేరాడు. ఇట్లాంటివి చెప్పకుండా దాచి, దరఖాస్తు పెడితే చాలు అన్నీ అయిపోతాయంటే అది అబద్ధమౌతుంది.

రాధాకృష్ణన్ గారు 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు. దానికి కొంతకాలం ముందే టెంపుల్‌టన్ బహుమతి ప్రకటించారు. ఆ సొమ్ము మొత్తం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి యిచ్చేశారు. 1989లో అదే విశ్వవిద్యాలయం వారి పేరు మీద స్కాలర్‌షిప్పులు పెట్టింది.

ఈ సంచిక మీ చేతికి అందేసరికి కాలేజీల్లో చేరే సమయం దగ్గర పడుతుంది. ప్రతి శనివారం అసర్ నమాజు తర్వాత మేమూ ఇంకో ఇద్దరు టీచర్లూ మన సంఘం ఆఫీసులో కూర్చుంటాము. ఆదాయం సర్టిఫికెట్టు, ఆధార్, బ్యాంకు పాస్ పుస్తకం, మార్కుల జాబితా తీసుకుని పిల్లనో పిల్లవాడినో వెంటబెట్టుకు రండి. ఫారం మేము నింపిస్తాము.