మూసారాము దొర

మేడ్చలు, శామీరుపేటల నుండి పట్నము పోవు మన బాలురు గన్‌ఫౌండ్రీ యను పేట పేరు వినియేయుందురు. అచ్చటి శిథిలమైన కట్టడమును జనులు తోప్ కా సాంచా యందురు. 1786లో నిజాం అలీఖాను ప్రభువుకొరకు దానిని నెలకొల్పినవాడు మిషెల్ జోకిం మారీ రేమాఁ అను ఫ్రెంచి సేనాని.

ఇతడు 1755లో గాస్కనీ సీమయందు జన్మించి, 1775లో వర్తకమునకై పుదుచ్చేరికి వచ్చెను. కాని తక్కెడ విడిచి ఖడ్గము పట్టెను.

ఫిరంగిపోత సులభమైన పని కాదు. కరిగిన లోహమును మట్టిమూసలో పోసి, చల్లారిన పిమ్మట గొట్టమును తొలువవలెను. లోపల నొక్క బుడగ మిగిలెనేని ఫిరంగి పగిలి, శత్రువును విడిచి కాల్చువానినే చంపును!

1795లో ఖర్డా యుద్ధమున మహారాష్ట్రుల యెదుట ప్రభువు ఓడినను, రేమాఁ పటాలములు స్థిరముగా పోరాడెను. ఆ యేడే తిరుగబడిన రాజకుమారుడు ఆలీజాను అతడే పట్టుకొనెను. పరదేశియైనను నమ్మినవారిని విడువలేదని నా తలంపు.

1798 మార్చి 25న, నలువది రెండేండ్ల ప్రాయమున, అతడు మరణించెను. ఆ సెప్టెంబరులోనే నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. అక్టోబరులో, జీతపు బకాయిలకై కలవరపడుచున్న అతని సైనికులు, సుమారు 14,000 మంది, యుద్ధము లేకయే ఆయుధములు దించిరి.

మలకుపేటకు తూర్పుననున్న గుట్టపై అతని సమాధి కలదు. హిందువులు మూసారామనియు, ముసల్మానులు మూసారహీమనియు పిలిచిన ఆ దొర పేరు మూసారాంబాగునకు నిలిచియున్నది.